చోటుతో పాటు వేళ కూడా కుదరాలి: కుటుంబంతో ప్రకృతి విహారానికి సన్నాహం

కుటుంబంతో కలిసి జలపాతాన్నో, గుహనో, పూలలోయనో చూడబోయేవారు సాధారణంగా సెలవు తేదీలను ముందు ఖాయం చేసుకొని, ఆ తేదీలకు అనువైన చోటును తరువాత వెదుకుతారు. కోటలు, మ్యూజియంలు చూడటానికి ఈ పద్ధతి సరిపోతుంది. కోట ఏ నెలలో వెళ్లినా కోటగానే ఉంటుంది. ప్రకృతి దృశ్యాలలో చాలావాటికి ఒక ఋతువు, ఆ ఋతువులో కొన్ని వారాలు, ఆ వారాలలో మళ్లీ రోజుకు కొన్ని గంటలు మాత్రమే నిండుదనం ఉంటుంది. నేను ఒకసారి వేసవి చివరలో పిల్లలను, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని ఆరు గంటలు ప్రయాణించి ఒక జలపాతం దగ్గరకు చేరితే, అక్కడ నల్లని రాతిగోడ మీద తడి మరక ఒక్కటే కనిపించింది. నన్ను అంత దూరం రప్పించిన ఫోటో ఏ నెలలో తీసినదో బయలుదేరేముందు విచారించలేదు కనుక, ఆ తప్పును మరెవరి మీదకూ నెట్టడానికి వీలు లేకపోయింది. అప్పటినుంచి నేను పాటిస్తున్న క్రమం ఇది: ముందు దృశ్యానికి కాలం ఏదో తెలుసుకోవడం, తరువాత అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి దూరాన్ని లెక్కకట్టడం, బస, టికెట్లు, సామాను సంగతి ఆ రెండూ తేలాక చూసుకోవడం.

దృశ్యం ఏ కాలానిది?

జలపాతాన్ని ఎంచుకున్నప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ నీరు ఎక్కడినుంచి వస్తున్నదని. మంచు కరిగి వచ్చే నీరు, వాన నీరు, ఆనకట్ట నుంచి వదిలే నీరు, ఈ మూడింటి లెక్కలూ వేరువేరు. కాలిఫోర్నియాలోని 739 మీటర్ల యోసెమిటీ జలపాతం కొండల మీది మంచు కరిగే వసంతంలో, ముఖ్యంగా మే నెలలో ఉధృతంగా దూకి, చాలా సంవత్సరాలలో వేసవి చివరికి దాదాపు ఎండిపోతుంది. పిల్లల సెలవులు ఆగస్టులో ఉన్నాయన్న ఒక్క కారణంతో అక్కడికి వెళ్లే కుటుంబానికి నాకు దక్కిన తడి మరకే దక్కవచ్చు. వాన మీద ఆధారపడే జలపాతంలో వానకూ ప్రవాహానికీ మధ్య కొంత ఎడం ఉంటుంది, నది పెద్దదైతే ఆ ఎడం వారాల వరకు సాగుతుంది. జాంబియా, జింబాబ్వే సరిహద్దులోని విక్టోరియా జలపాతానికి ఎగువన వానలు సుమారుగా నవంబరు నుంచి మార్చి వరకు కురిస్తే, నిండు ప్రవాహం ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. అయితే నీరు అత్యధికంగా ఉన్న రోజే చూడటానికి ఉత్తమమైన రోజని అనుకోనక్కరలేదు. ఆ నిండు ప్రవాహ కాలంలో అక్కడ లేచే తుంపర ఎంత దట్టంగా ఉంటుందంటే, ఎదురుగా నిలబడినా జలపాతం సరిగా కనిపించదు, ఒంటి మీది బట్టలు మాత్రం తడిసి ముద్దవుతాయి. అక్టోబరు, నవంబరు నెలలకు వచ్చేసరికి జాంబియా వైపు అంచులో చాలా భాగం ఎండిన రాయిగా మిగులుతుంది. చిన్నపిల్లలతో వెళ్లేవారికి ఈ రెండు కొసల నడుమ, ప్రవాహం తగ్గుముఖం పట్టిన నెలలే నయమని నా అభిప్రాయం. ఎగువన ఆనకట్ట ఉన్నచోట లెక్క మరోలా ఉంటుంది. కర్ణాటకలో శరావతి నది 253 మీటర్లు దూకే జోగ్ జలపాతానికి పైన లింగనమక్కి ఆనకట్ట ఉన్నందువల్ల, వాన ఎంత కురిసిందన్న దానితో పాటు నీరు ఎంత వదులుతున్నారన్నది కూడా ఆ దృశ్యాన్ని నిర్ణయిస్తుంది.

పూలకు, ఆకులకు తేదీలు ఏటా ముందుకో వెనక్కో జరుగుతాయి. జపాన్‌లో చెర్రీ పూలు మొదట విచ్చుకున్న సుమారు వారానికి చెట్టు నిండా పూస్తాయి, మరో వారానికి రాలిపోతాయి, నడుమ గాలివాన వస్తే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. అందుచేత రద్దు చేసుకోవడానికి వీల్లేని టికెట్లను నెలల ముందే కొన్నవారు భారమంతా అదృష్టం మీద వేసినట్టే. ఈ చిక్కుకు నాకు తెలిసిన మంచి ఉపాయం, ఎత్తుపల్లాలు ఉన్న ప్రాంతాన్ని ఎంచుకోవడం. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు గాలి సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది కనుక, వసంతంలో పూత లోయలో మొదలై కొండపైకి పాకుతుంది, శరత్తులో ఆకుల రంగు శిఖరాన మొదలై లోయలోకి దిగుతుంది. మీరు వారం ఆలస్యంగా వెళ్లినా, తొందరపడి వెళ్లినా, గంటసేపు కారులో పైకో కిందికో ప్రయాణిస్తే కోరిన దృశ్యం దొరికే అవకాశం ఉంటుంది. బల్లపరుపు నేల మీద ఈ వెసులుబాటు ఉండదు.

ఆకులు ఎందుకు రంగు మారుతాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు కాబట్టి జవాబు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. పగటి నిడివి తగ్గేకొద్దీ ఆకులోని పత్రహరితం విచ్ఛిన్నమై, అంతవరకు దాని మాటున ఉన్న పసుపు, నారింజ వన్నెల కెరోటినాయిడ్లు బయటపడతాయి. ఎరుపు, ఊదా రంగులనిచ్చే ఆంథోసయనిన్లు మాత్రం చాలావరకు అప్పటికప్పుడు ఆకులో తయారవుతాయి, అందుకు ఎండ కాసే పగళ్లు, గడ్డకట్టేంత కాకపోయినా చల్లగా ఉండే రాత్రులు కావాలి. మబ్బు పట్టిన శరత్తులో పసుపు బాగానే ఉండి ఎరుపు వెలవెలబోవడానికి కారణం ఇదే, ఎక్కువగా ఎరుపు కోసమే వెళ్లదలచినవారు వాతావరణ సూచనలో రాత్రి ఉష్ణోగ్రతతో పాటు పగటి ఎండను కూడా చూడడానికి కారణమూ ఇదే.

కొన్ని దృశ్యాలకు ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. పశ్చిమ కనుమల నీలకురింజి 12 సంవత్సరాలకు ఒకసారి పూస్తుంది. మున్నార్ కొండల మీద 2006లోను, 2018లోను పూసింది, ఆ లెక్కన తరువాతి పూత 2030లో రావాలి. 2018లో తండ్రి భుజాల మీద కూర్చొని చూసిన ఐదేళ్ల పాప 2030 నాటికి పదిహేడేళ్ల పిల్ల అవుతుంది, కనుక ఇటువంటివాటిని ఇంట్లో కనబడేచోట రాసిపెట్టుకోవడం అతి అనిపించుకోదు.

జంతువులు, పక్షులు, పురుగుల విషయంలో ఋతువు తెలిసినా హామీ ఉండదు. ఉత్తర అమెరికా నుంచి వలస వచ్చే మోనార్క్ సీతాకోకచిలుకలు మధ్య మెక్సికోలో సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న ఒయామెల్ చెట్ల అడవులలో నవంబరు నుంచి మార్చి వరకు గుంపులు గుంపులుగా ఉంటాయి. మబ్బు పట్టిన చలి ఉదయాన వెళ్లినవారికి మాత్రం కొమ్మలకు ఎండుటాకుల గుత్తులు వేలాడుతున్నట్టు కనిపిస్తుందే తప్ప, ఒక్క రెక్క కదలదు. ఎండ వాటి ఒంటిని వేడి చేసినప్పుడే అవి లేస్తాయి. తూర్పు ఆఫ్రికాలో వైల్డెబీస్ట్ మందలు మారా నదిని దాటే దృశ్యం సుమారుగా జూలై నుంచి అక్టోబరు వరకు ఉంటుంది, అయితే ఏ రోజు ఏ రేవున దాటుతాయో ఎవరూ చెప్పలేరు. ఇటువంటిచోటికి వెళ్లేటప్పుడు కనీసం రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోవాలి, కనబడకపోవచ్చని పిల్లలకు ఇంట్లోనే చెప్పాలి. తప్పక కనిపిస్తుందని మాట ఇచ్చిన తల్లిదండ్రులు ఆ సాయంత్రం పడే తంటా నేను చాలాసార్లు చూశాను.

ఆకాశానికి సంబంధించినవాటిలో తేదీ స్థిరంగానే ఉంటుంది, అడ్డు వచ్చేవి వెన్నెల, మబ్బు. ఏటా పర్సీడ్ ఉల్కాపాతం ఆగస్టు 12, 13 తేదీల ప్రాంతంలోను, జెమినిడ్ ఉల్కాపాతం డిసెంబరు 13, 14 తేదీల ప్రాంతంలోను తారస్థాయికి చేరతాయి. పర్సీడ్లు అర్ధరాత్రి దాటాక బాగా కనిపిస్తాయి, జెమినిడ్లు రాత్రి తొమ్మిది, పది గంటల నుంచే మొదలవుతాయి. పిల్లలు నిద్రకు ఆగలేని ఇంటికి చలి ఎక్కువైనా రెండోదే అనువు. ఆ రాత్రి పౌర్ణమికి దగ్గరగా పడితే చిన్న ఉల్కలు వెన్నెలలో కలిసిపోతాయి కాబట్టి తిథి చూసుకొని మరీ బయలుదేరాలి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెర వెలిగిస్తే ఆ ఓపికంతా వృథా అయి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఉత్తర ధ్రువప్రాంతపు ఆకాశంలో రాత్రివేళ కనిపించే రంగుల వెలుగుల (అరోరా) కోసం వేసవిలో వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ వేసవి రాత్రులు చీకటిపడవు కనుక సెప్టెంబరు నుంచి మార్చి వరకే ఆ దృశ్యానికి అవకాశం.

ఋతువు, వాతావరణం, సూర్యుడి కోణం మూడూ ఒకేసారి కలిసిరావలసిన దృశ్యాలు కూడా ఉన్నాయి. యోసెమిటీలోనే హార్స్‌టెయిల్ అనే సన్నని ధార ఫిబ్రవరి రెండో సగంలో కొద్ది రోజులు, అస్తమయ వేళ కొన్ని నిమిషాలు నిప్పుధారలా వెలుగుతుంది. ఆ ఏడు మంచు తక్కువై ధారలో నీరు లేకపోయినా, పడమటి దిక్కున ఒక్క మబ్బు అడ్డం వచ్చినా ఏమీ కనిపించదు. అది ఒక్కటే లక్ష్యంగా చిన్నపిల్లలను చలిలో గంటల తరబడి నిలబెట్టడం నేను సిఫారసు చేయను.

ఈ సమాచారమంతా ఎక్కడ దొరుకుతుందంటే, ముందుగా ఆ పార్కును లేదా అటవీ ప్రాంతాన్ని నిర్వహించే శాఖ వెలువరించే రోజువారీ ప్రకటనలలో దొరుకుతుంది. పూత ఎంతవరకు వచ్చిందో, నదిలో నీరు ఎంత ఉందో, ఏ దారి మూసి ఉందో చాలాచోట్ల వారే చెబుతారు, కొన్నిచోట్ల ప్రత్యక్ష కెమెరాలు కూడా ఉంటాయి. సందర్శకులు పెట్టిన ఫోటోలను చూసేటప్పుడు అందమైనవాటిని పక్కన పెట్టి, తేదీల వారీగా పేర్చి గత పది రోజులవి మాత్రమే చూడాలి, వీలైతే గత సంవత్సరం ఇదే వారంలో తీసినవాటితో పోల్చాలి. ప్రవేశానికి పరిమితి ఉన్నదీ లేనిదీ కూడా అప్పుడే విచారించాలి. అమెరికాలోని గ్రేట్ స్మోకీ పర్వతాలలో మే చివరి నుంచి జూన్ మధ్య వరకు ఒకే లయలో వెలిగి ఆరే మిణుగురులను చూడటానికి వాహనాల పాసులను లాటరీ ద్వారా ఇస్తారు, పేరు రాకపోతే అక్కడిదాకా వెళ్లి ప్రయోజనం లేదు.

రోజులో ఏ గంట?

సముద్రతీరంలో ఈ ప్రశ్నకు ఆటుపోట్ల పట్టికే సమాధానం. కెనడాలోని ఫండీ అఖాతంలో పోటుకూ ఆటుకూ నీటిమట్టంలో తేడా కొన్నిచోట్ల 16 మీటర్ల వరకు ఉంటుంది. ఉదయం పడవ తేలిన చోట మధ్యాహ్నం పిల్లలు సముద్రపు అడుగున నడవవచ్చు. ఒక పోటు నుంచి ఆటు వరకు సుమారు ఆరుగంటల పదమూడు నిమిషాలు పడుతుంది, మరునాడు అదే స్థితి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కనుక నిన్న వెళ్లివచ్చినవారు చెప్పిన సమయాన్ని ఈరోజుకు వాడకూడదు. అమావాస్యకు, పౌర్ణమికి నీరు ఎక్కువ దూరం వెనక్కి తగ్గి, రాళ్ల గుంటలలోని నక్షత్రచేపలు, పీతలు బాగా కనిపిస్తాయి. అయితే తిరిగి వచ్చేటప్పుడు ఆ నీరు అంత ఎత్తుకూ లేస్తుంది. ఆటు పూర్తిగా తగ్గడానికి గంటన్నర, రెండు గంటల ముందు దిగి, నీటి వెంటే లోపలికి నడిచి, నీరు మళ్లీ తిరగగానే గట్టువైపు మరలడం పద్ధతి. వెనుక కొండ, ముందు నీరు ఉన్న ఇరుకు తీరాలలో, గట్టెక్కే దారి ఎటు ఉందో దిగకముందే అందరికీ చూపించాలి.

ఇతరచోట్ల ఉదయమే మేలు. పక్షులు, జంతువులు అప్పుడే తిరుగుతాయి, బండి నిలపడానికి చోటు అప్పుడే దొరుకుతుంది, కొండ ప్రాంతాలలో వేసవి ఉరుములు సాధారణంగా మధ్యాహ్నం తరువాతే మొదలవుతాయి. జలపాతం ముందు హరివిల్లు చూపించాలంటే సూర్యుడు బాగా పైకెక్కకముందే, ఎండ వీపున పడేలా పిల్లలను నిలబెట్టాలి. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిశ నుంచి సుమారు 42 డిగ్రీల కోణంలో అది ఏర్పడుతుంది. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో ఉన్న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వంటి వేడినీటి బుగ్గ ఎప్పుడు ఎగజిమ్ముతుందో పార్కువారు పది నిమిషాలు అటూ ఇటూగా ముందే ప్రకటిస్తారు కాబట్టి, అక్కడ తెల్లవారకముందే పరుగెత్తవలసిన అవసరం లేదు.

నడక లెక్క

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికివస్తుంది: సమతలం మీద గంటకు ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట. ఆరు కిలోమీటర్ల దారిలో 300 మీటర్ల ఎక్కుడు ఉంటే దీని ప్రకారం గంటా నలభై రెండు నిమిషాలు పడుతుంది. అది దృఢంగా ఉన్న పెద్దవారు ఎక్కడా ఆగకుండా నడిచే లెక్క. పిల్లలు ప్రతి పురుగు దగ్గరా ఆగుతారు, పెద్దవారు ప్రతి రాతిబల్ల మీదా కూర్చుంటారు, అదే వారి యాత్ర. కనుక ఆ లెక్కను దాదాపు రెట్టింపు చేసి మూడు గంటలకు పైగా కేటాయించుకోవాలి. బయలుదేరేముందే ఒక గడియను నిర్ణయించుకొని, గమ్యం ఎంత దగ్గరలో ఉన్నా ఆ గడియకు వెనుదిరగాలి. ఈ నియమాన్ని పెద్దవాళ్లే ఎక్కువగా ఉల్లంఘిస్తారు.

కొండ ఎక్కేవారికి అలసట ముందు వస్తుంది, లోయలోకి దిగేవారికి చివర వస్తుంది. గ్రాండ్ క్యాన్యన్ వంటిచోట దిగడం హాయిగా సాగిపోతుంది, తిరిగి ఎక్కడానికి దాదాపు రెండింతల సమయం పడుతుంది, పైగా కిందికి పోయినకొద్దీ వేడి పెరుగుతుంది. ఏడేళ్ల పిల్లవాడు గంతులు వేస్తూ దిగిన దూరమంతా తిరిగి ఎక్కేటప్పుడు మీ వీపు మీదకు రావచ్చు. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి మాత్రం ఎక్కడం కంటే దిగడమే కష్టం. వారిని తీసుకువెళ్లేటప్పుడు కిలోమీటర్లు అడగకుండా మెట్లు ఎన్ని, చేతికమ్మి ఉందా, మధ్యలో కూర్చోవడానికి వీలుందా అని అడగాలి. చంటిబిడ్డల తోపుడు బండ్లు మట్టిదారిలో కదలవు, బిడ్డను వీపున మోసే సంచి అక్కరకు వస్తుంది.

అందరూ అన్నీ చూడాలన్న పట్టుదల చాలా యాత్రలను పాడుచేస్తుంది. వాహనం ఆగేచోటికి దగ్గరలో దృశ్యం బాగా కనబడే ఒక చోటును ముందే చూసిపెట్టుకొని, నడవగలిగినవారు ముందుకు వెళ్లి, మిగిలినవారు నీడలో కూర్చొని చూసేలా ఏర్పాటు చేసుకోవాలి. అయితే అలా కూర్చునేవారికి కూడా ఆ చోటు నిజంగా చూడదగినదై ఉండాలి. పెద్దవారిని పార్కింగ్ స్థలంలో కారులో కూర్చోబెట్టి వెళ్లడం ఏర్పాటు అనిపించుకోదు.

ఎత్తైన ప్రదేశాలకు వెళ్లేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. సుమారు 2,500 మీటర్లు దాటాక ప్రాణవాయువు చాలక తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం వంటివి రావచ్చు. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకు ఒక రోజు విశ్రాంతి తీసుకోవడం వైద్యులు చెప్పే పద్ధతి. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. కారణం లేకుండా మారాం చేయడం, తిండి వద్దనడం, వాంతి చేసుకోవడం వారిలో కనిపించే గుర్తులు. ఆ గుర్తులు కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు, అవి ముదిరితే ఏ వేళైనా కిందికి దిగడమే సరైన చికిత్స. మలుపుల దారిలో కడుపు తిప్పే పిల్లలకు పుస్తకం, ఫోన్ ఇవ్వకుండా దూరాన కనిపించే కొండ అంచును చూడమనడం కొంత ఉపశమనం ఇస్తుంది.

నీటి దగ్గర, రాతి దగ్గర

ప్రకృతి విహారంలో జంతువుల గురించి ఎక్కువగా భయపడి, నీటి గురించి తక్కువగా భయపడతాం. 1997 ఆగస్టు 12న అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో ఆంటిలోప్ క్యాన్యన్ అనే ఇరుకైన రాతిచీలికలో 11 మంది సందర్శకులు వరదలో కొట్టుకుపోయి మరణించారు. వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ల దూరాన ఎగువన. కనుక వాగులో, లోయలో, జలపాతం కింద దిగేముందు మన తలమీది ఆకాశాన్ని చూస్తే చాలదు, ఎగువ ప్రాంతపు వాతావరణ సూచన చూడాలి. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురద రంగుకు మారడం, పుల్లలు, ఆకులు కొట్టుకురావడం, మట్టం కొద్దిగా పెరగడం, ఎగువన హోరు వినిపించడం, వీటిలో ఏ ఒక్కటి గమనించినా సామాను కోసం చూడకుండా పక్కనున్న ఎత్తుకు ఎక్కాలి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలదు, 30 సెంటీమీటర్లు ఉంటే చాలా కార్లను తేల్చగలదు. వాగు దాటుతున్న ముందు కారు దాటిపోయిందని మన కారును దింపకూడదు.

జలపాతం పైఅంచున రాళ్ల మీది పాచి కంటికి కనిపించనంత పలుచగా ఉంటుంది. అక్కడ ఫోటోలు తీసుకోవడం నిషేధమని ఇంట్లో గట్టిగా చెప్పే మనిషి ఒకరు ఉండాలి, ఆ పాత్ర అందరికంటే పెద్దవారికి అప్పగిస్తే మాట చెల్లుతుంది. ఈత రాని పిల్లలను నీటి దగ్గర చేతికందే దూరంలోనే ఉంచాలి; చూస్తూ ఉండటం వేరు, అందేంత దగ్గరలో ఉండటం వేరు. సముద్రంలో ఒడ్డునుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకున్నవారు ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడు తగ్గాక బయటికి రావాలి, ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకు మించి ఎడం లేకపోతే ఆ పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. వెంటనే శిఖరం, ఒంటరి చెట్టు, నీటి ఒడ్డు విడిచి భవనంలోకో తలుపులు మూసిన కారులోకో చేరాలి, చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు ఆగాలి. వేడినీటి బుగ్గల ప్రాంతంలో చెక్కదారి దిగరాదు. నేలగా కనిపించేది పలుచని పెచ్చు కావచ్చు, దాని కింద నీరు మరుగుతూ ఉండవచ్చు. జంతువులకు ఎంత దూరంలో ఉండాలన్నదానికి యెల్లోస్టోన్ నియమం ఎక్కడైనా పనికివస్తుంది: ఎలుగుబంట్లకు, తోడేళ్లకు సుమారు 90 మీటర్లు, దున్నలకు, ఇతర పెద్ద జంతువులకు సుమారు 23 మీటర్లు. మీటర్లు అంచనా వేయలేని పిల్లలకు బొటనవేలు నేర్పవచ్చు. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తితే జంతువు మొత్తం దాని వెనుక దాగిపోవాలి. దాగకపోతే మనం మరీ దగ్గరగా ఉన్నట్టే.

తప్పిపోయినప్పుడు ఏం చేయాలో పిల్లలకు దారిలో కాక బయలుదేరే ముందురోజే చెప్పాలి: తప్పిపోయానని తెలిసిన చోటనే ఒక చెట్టును పట్టుకొని కూర్చోవాలి, మెడలోని ఈల మూడేసిసార్లు ఊదుతూ ఉండాలి, వెదకడానికి తాము బయలుదేరకూడదు. ఉదయం బయలుదేరేముందు పిల్లల ఫోటో ఒకటి తీస్తే ఆరోజు వేసుకున్న బట్టలు ఏమిటో కంగారులో గుర్తుతెచ్చుకోవలసిన పని ఉండదు.

గుహలు, వాన రోజులు

వాతావరణం చెడిపోయిన రోజున గుహ మంచి ప్రత్యామ్నాయం. లోతైన గుహలో ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సంవత్సర సగటుకు దగ్గరగా, ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు మామత్ గుహలో అది సుమారు 12 డిగ్రీలు, కనుక బయట ఎండ మండుతున్నా చలికోటు కావాలి. అయితే దీపాలు, దారులు అమర్చి, మార్గదర్శి వెంట తిప్పే గుహలకే ఈ మాట వర్తిస్తుంది. థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 2018 జూన్ 23న వెళ్లిన 12 మంది బాలురు, వారి కోచ్ వాన నీటి వల్ల లోపల చిక్కుకుపోగా, అందరినీ బయటికి తీసేసరికి జూలై 10 అయింది. వాన కాలంలో నీరు చేరే గుహల నోటివద్ద హెచ్చరిక ఉంటే అది అలంకారానికి పెట్టినది కాదు.

గుహలోని సున్నపు స్తంభాలను ముట్టుకోరాదని పిల్లలకు చెప్పేటప్పుడు కారణం కూడా చెబితే వింటారు: చేతి జిడ్డు అంటిన చోట నీరు సున్నాన్ని పేర్చలేదు, ఆ చోట పెరుగుదల ఆగిపోతుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1940లో కనుగొని 1948లో ప్రజలకు తెరిస్తే, సందర్శకుల ఊపిరి వల్ల పెరిగిన తేమ, బొగ్గుపులుసు వాయువు వేల ఏళ్లనాటి చిత్రాలను పాడుచేయసాగాయని 1963లో మూసివేశారు. ఒక గుహలో వాడిన చెప్పులు, బట్టలు శుభ్రం చేయకుండా మరో గుహలోకి వేసుకుపోవడం కూడా తప్పే. ఉత్తర అమెరికాలో గబ్బిలాలను లక్షల సంఖ్యలో చంపిన శిలీంధ్ర వ్యాధి మనుషుల సామాను వెంట కూడా పాకగలదు.

సంచిలో

సామాను గురించి చెప్పవలసింది తక్కువ. నడకలో మనిషికి గంటకు సుమారు అరలీటరు నీరు, ఎండలో అంతకంటే ఎక్కువ. ప్రతి ఒక్కరికీ వానకోటు, పొడి మేజోళ్లు. టార్చి, ఈల, రోజూ వాడే మందులు, చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి సంచి. మ్యాపును సిగ్నల్ ఉన్నచోటనే దించుకోవాలి, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో వెంట రాని ఒకరికి చెప్పి ఉంచాలి. పండ్ల తొక్కలు మట్టిలో కలిసిపోతాయని పారవేయడం కూడా సరికాదు, అవి కుళ్లడానికి నెలలు పడుతుంది, అంతలో జంతువులు దారి పక్కన తిండి వెదకడం నేర్చుకుంటాయి.

తిరిగివచ్చిన రాత్రి నిద్రపోయేముందు ఒక నోటుపుస్తకంలో నాలుగు మాటలు రాయించండి: తేదీ, నీరు లేదా పూత ఎంత ఉందో, నడకకు నిజంగా పట్టిన సమయం, ముందుగా అలసిపోయింది ఎవరో. మా ఇంటి పుస్తకంలో మొదటి పుటలో "తడి మరక" అని మాత్రమే ఉంది. అదే జలపాతానికి మూడేళ్ల తరువాత పది వారాలు ముందుగా వెళ్లినప్పుడు, కింద నిలబడి మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. ఆ పుటను మా చిన్నవాడు ఆ రాత్రే నింపాడు.